ఇరవై నాలుగు గంటల తనిఖీ: ఓపీసీడబ్ల్యూ ఇన్‌స్పెక్షన్‌పై ఒక రసాయన కర్మాగారం వైపు నుంచి సమీక్ష

రసాయన కర్మాగారంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాడిని కాబట్టి తనిఖీలు నాకు కొత్త కాదు. ఫ్యాక్టరీల శాఖ వారు, బాయిలర్ల శాఖ వారు, కాలుష్య నియంత్రణ మండలి వారు, విదేశీ కొనుగోలుదారులు పంపే ఆడిటర్లు ఏడాది పొడవునా మా గేటు దాటి వస్తూనే ఉంటారు. మందుల కంపెనీల్లో ఉన్న నా స్నేహితులైతే అమెరికా ఎఫ్‌డీఏ రాకను, ఆ తర్వాత చేతికి వచ్చే, లోపాల జాబితా ఉండే 483 కాగితాన్ని తలచుకుంటేనే నిద్ర పోగొట్టుకుంటారు. వీటన్నిటికీ భిన్నమైన తనిఖీ ఒకటుంది. అది సరుకు నాణ్యత కోసం వచ్చేది కాదు, పొగ గొట్టం ఎత్తు కొలవడానికి వచ్చేదీ కాదు. మన దేశం ఇతర దేశాలకు ఇచ్చిన మాట మన ఫ్యాక్టరీలో నిలబడుతోందా లేదా అని చూడటానికి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం నుంచి వచ్చేది. రసాయనాయుధాల నిషేధ సంస్థ, అంటే ఓపీసీడబ్ల్యూ, 193 సభ్య దేశాలకు అందిస్తున్న ఈ సేవను తీసుకునే వైపు నుంచి ఎవరైనా తెలుగులో రాస్తే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను. గోప్యత నిబంధనలకు కట్టుబడి మా కర్మాగారం పేరు, ఊరు, తనిఖీ జరిగిన సంవత్సరం ఇక్కడ చెప్పడం లేదు.

ముందుగా, ఈ తనిఖీ ఎవరికి వస్తుందో చెప్పాలి. జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ, అచ్యుతాపురం వంటి చోట్ల ఉన్న చాలా యూనిట్ల వారు, రసాయనాయుధాల ఒడంబడికకూ తమకూ సంబంధం ఏమీ లేదనుకుంటారు. ఒడంబడిక రసాయనాలను మూడు షెడ్యూళ్లుగా విభజించింది. మొదటిదానిలో సారిన్, మస్టర్డ్ వంటి అసలైన ఆయుధ పదార్థాలున్నాయి. రెండవదానిలో వాటికి దగ్గరగా ఉండి పరిశ్రమలో కొద్దిపాటి ఉపయోగం ఉన్నవి, మూడవదానిలో ఫాస్జీన్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్, థయోనిల్ క్లోరైడ్ వంటి, మన మందుల, పురుగుమందుల పరిశ్రమలు రోజూ డ్రమ్ములకొద్దీ వాడే పదార్థాలు ఉన్నాయి. వీటికి తోడు, ఏ షెడ్యూల్‌లోనూ లేని సేంద్రియ రసాయనాలను ఏడాదికి 200 టన్నులకు మించి తయారుచేసే ప్రతి స్థలాన్నీ, భాస్వరం, గంధకం లేదా ఫ్లోరిన్ కలిగిన సేంద్రియ రసాయనాన్ని 30 టన్నులకు మించి తయారుచేసే ప్రతి ప్లాంటునూ ప్రభుత్వానికి ప్రకటించాలి. మా యూనిట్ ఈ చివరి కోవలోనిదే. ఆయుధంతో ఏ సంబంధమూ లేని ఇంటర్మీడియట్లు, అంటే తుది సరుకుకు ముందు దశ రసాయనాలు, చేసే యూనిట్ కూడా ఈ పరిధిలోకి రావడానికి కారణం, అందులోని రియాక్టర్లు, కండెన్సర్లు, స్క్రబ్బర్లు కావాలనుకుంటే వేరే పనికి కూడా మలుచుకోగలిగినవి కావడమే.

ఇక్కడ ఆముదం సంగతి చెప్పకుండా ఉండలేను. పాలమూరు, నల్లగొండ మెట్ట పొలాల్లో తరతరాలుగా పండించే ఆముదం గింజలోనే రైసిన్ అనే విషం ఉంది. అది మొదటి షెడ్యూల్‌లో, సారిన్ పక్కనే నమోదై ఉంది. అయినా ఆముదం నూనె తీసే మిల్లులు ప్రకటన ఇవ్వనవసరం లేదని సభ్య దేశాలు తేల్చుకున్నాయి. మంచినీటి శుద్ధి కేంద్రాల్లో ఉండే క్లోరిన్ సిలిండర్ల విషయం ఇంకా ఆసక్తికరమైనది. క్లోరిన్ ఏ షెడ్యూల్‌లోనూ లేదు. కానీ 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్ల మూతలు తిప్పి వదిలింది ఆ వాయువునే, సిరియా యుద్ధంలో పల్లెల మీద పడిందీ ఆ వాయువే. షెడ్యూల్‌లో లేకపోయినా, మనుషులను చంపడానికి వాడిన క్షణం నుంచి అది ఒడంబడిక ప్రకారం రసాయనాయుధమే అవుతుంది. నిషేధాన్ని పదార్థం మీద కాక ఉద్దేశం మీద పెట్టడం ఈ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం, ఎందుకంటే పదార్థాల జాబితా ఎప్పటికీ పూర్తికాదు.

ఇక సేవ ఎలా ఉంటుందన్నది. మా తరహా స్థలాలకు 120 గంటల ముందు దేశానికి నోటీసు వస్తుంది. ఒడంబడిక అమలును మన దేశంలో చూసే, ఢిల్లీలోని జాతీయ ప్రాధికార సంస్థ నుంచి మాకు ఫోను వచ్చేసరికి అందులో కొంత సమయం గడిచిపోయి ఉంటుంది. రెండవ షెడ్యూల్ స్థలాలకైతే 48 గంటలే. ఆ ఐదు రోజుల్లో ఏదైనా సర్దుకోవచ్చు కదా అని బయటివారు అడుగుతారు. రియాక్టర్‌లో జరిగిన పనిని దాచడం అంత సులువు కాదని ఈ పరిశ్రమలో ఉన్నవారికి తెలుసు. ముడిసరుకు రాక, బ్యాచ్ రికార్డు, నాణ్యత పరీక్షలు చేసే క్యూసీ ల్యాబ్ పుస్తకం, స్టీము వాడకం, వ్యర్థాల ట్యాంకరు లెక్క, ఇవన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. ఒకదాన్ని మారిస్తే మిగిలిన నాలుగింటినీ మార్చాలి.

బృందం భారత ప్రభుత్వ అధికారుల వెంట వచ్చింది. మొదట మేము వారికి స్థలం గురించి, ఉత్పత్తుల గురించి, భద్రతా నియమాల గురించి వివరించాలి. ఆ వివరణ మూడు గంటలకు మించకూడదని ఒడంబడికే నిర్దేశించింది. ఆ సమయం తనిఖీకి కేటాయించిన 24 గంటల్లో లెక్కకు రాదు. ఆ తర్వాత హెల్మెట్లు పెట్టుకొని ప్లాంటులోకి నడిచారు. వారి నడకను గమనించడమే నాకు ఒక పాఠమైంది. గ్లాస్ లైన్డ్ రియాక్టర్ల సామర్థ్యం, తుప్పు తట్టుకునే లోహంతో చేసిన పైపులు ఎక్కడ ఉన్నాయి, గాలిని బయటికి లాగే ఏర్పాటు అక్కడ తయారయ్యే సరుకుకు తగినంతే ఉందా లేక అంతకు మించి కట్టుదిట్టంగా ఉందా, ముడిసరుకు గోదాములో చెప్పని డ్రమ్ములేవైనా ఉన్నాయా, ఇవీ వారి చూపు ఆగిన చోట్లు. సరుకు అమ్మకం ధర గానీ, కొనుగోలుదారు పేరు గానీ ఒక్కసారి కూడా అడగలేదు. వారు తేల్చుకోవలసినవి రెండే. మేము ప్రకటించినదీ ఇక్కడ జరుగుతున్నదీ ఒకటేనా అన్నది మొదటిది, మొదటి షెడ్యూల్ పదార్థం ఏదీ ఇక్కడ తయారు కావడం లేదు కదా అన్నది రెండవది.

వ్యాపార రహస్యాల గురించి భయపడే యాజమాన్యాల కోసం నాలుగు సంగతులు వివరంగా చెబుతాను. ఫొటోలు కావాలంటే ఇన్‌స్పెక్టర్లు తామే తీసుకోరు, వారు కోరిన ఫొటోను మన వైపు ప్రతినిధి తీసి ఇస్తారు. రికార్డులు చూపడం, అది తనిఖీకి తోడ్పడుతుందని బృందమూ దేశ ప్రతినిధులూ ఒప్పుకున్న సందర్భాల్లోనే జరుగుతుంది. రహస్యమైన తయారీ పద్ధతి ఉన్న చోట నియంత్రిత ప్రవేశం అనే వెసులుబాటు ఉంది. అంటే కొన్ని కాగితాలను కప్పి, ఒక తెరను మూసి, వారి అనుమానాన్ని వేరే దారిలో తీర్చవచ్చు. నమూనాలు తీసి పరీక్షించే సందర్భాల్లో కూడా, తాము వెంట తెచ్చుకున్న యంత్రాన్ని ఒడంబడికకు సంబంధించిన రసాయనాలను మాత్రమే గుర్తించి, మిగిలినవాటిని చూపకుండా అమర్చే వీలుంది. ఎదుటివాడి ఇంట్లోకి వెళ్లి, చూడవలసింది చూసి, చూడకూడనిది చూడకుండా రావడం ఎంత కష్టమో మనకందరికీ తెలుసు. ఆ నేర్పును నియమాలుగా రాసి, ఏళ్ల తరబడి పాటిస్తున్న సంస్థగా ఈ విషయంలో ఓపీసీడబ్ల్యూకు నేను పూర్తి మార్కులు ఇస్తాను.

రుసుము సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీకి బిల్లు రాదు. సభ్య దేశాలు తమ స్తోమతను బట్టి కట్టే చందాలతో, ఏటా సుమారు ఏడెనిమిది కోట్ల యూరోల బడ్జెట్‌తో సంస్థ నడుస్తుంది. ఒక్క యుద్ధ విమానం ఖరీదుతో పోల్చి చూడదగిన మొత్తం అది. మహమ్మారికి ముందు ఈ డబ్బులోనే ఏటా 241 పారిశ్రామిక తనిఖీలు చేసేవారు. మాకైన ఖర్చల్లా మా వాళ్ల సమయమే. అది తక్కువేమీ కాదు, షిఫ్ట్ ఇన్‌చార్జి మొదలుకొని స్టోర్స్ గుమస్తా వరకు ఆ రోజంతా అదే పనిలో ఉన్నారు. తనిఖీ ముగిశాక ప్రాథమిక నిర్ధారణల పత్రం తయారుచేసి, దానిపై బృంద నాయకుడు, మన ప్రభుత్వ ప్రతినిధి సంతకాలు చేశారు. దానికి కూడా 24 గంటల గడువే. ఎన్నో ఆడిట్ల నివేదికల కోసం నెలల తరబడి ఎదురుచూసిన మాకు, రాసినదేమిటో బృందం ఊరు దాటకముందే తెలియడం గొప్ప ఊరట.

ఇదంతా ఒక ఫ్యాక్టరీ అనుభవం. అయితే ఈ సేవ విలువ మా గేటు లోపల కొలిచేది కాదు. ఒక దేశం ఆయుధాన్ని వదులుకోవాలంటే, పొరుగుదేశం కూడా వదులుకుందన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం మాటతో రాదని మన సొంత చరిత్రే చెబుతోంది. 1992 ఆగస్టులో భారత్, పాకిస్తాన్ కలిసి, రసాయనాయుధాలను తయారుచేయబోమని, సంపాదించబోమని, వాడబోమని ఉమ్మడి ప్రకటన చేశాయి. అందులో తనిఖీ ఏర్పాటు లేదు. ఆ తర్వాత అంతర్జాతీయ ఒడంబడిక 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో భారత ప్రభుత్వం తన దగ్గర రసాయనాయుధ నిల్వలున్నాయని ప్రకటించింది. 1,044 టన్నుల సల్ఫర్ మస్టర్డ్ అని లెక్క తేలింది. ఆ వార్త విన్ననాడు మన దేశంలోనే చాలామంది నివ్వెరపోయారు. నేను దీన్ని సిగ్గుపడవలసిన విషయంగా మాత్రమే చూడను. తనిఖీ లేని ఒప్పందం కింద బయటపడని నిజం, తనిఖీ ఉన్న చట్టం కింద మన నోటితోనే బయటపడింది. 2009 మార్చి నాటికి ఆ నిల్వలన్నిటినీ ఓపీసీడబ్ల్యూ ఇన్‌స్పెక్టర్ల కళ్లెదుట నాశనం చేశారు. ఈరోజు పాకిస్తాన్‌లోని కర్మాగారాలకు వర్తించే నియమమే మనకూ వర్తిస్తుంది, అమెరికాలోని కర్మాగారాలకూ అదే నియమం. అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం ఐదు దేశాలకు ఒక పీట, మిగిలినవారికి మరొక పీట వేసిందని మన దేశం మొదటి నుంచీ దాన్ని తిరస్కరిస్తూ వచ్చింది. రసాయనాయుధాల విషయంలో ఆ అభ్యంతరానికి తావులేదు.

అందుకే ఫలితం కూడా కనబడింది. సభ్య దేశాలు ప్రకటించిన నిల్వలు మొత్తం 72,304 టన్నులు. వాటిలో రష్యా వాటా సుమారు 40,000 టన్నులు, అది 2017 సెప్టెంబరులో ముగిసింది. చివరిగా 2023 జులై 7న అమెరికా కెంటకీ రాష్ట్రంలోని బ్లూగ్రాస్ ఆయుధాగారంలో సారిన్ నింపిన ఆఖరి రాకెట్టును నాశనం చేయడంతో ప్రకటిత నిల్వల అధ్యాయం పూర్తయింది. నిల్వలు ఉన్నాయని ఒప్పుకున్న దేశాల్లో ఒకటి తన పేరు బయటపెట్టవద్దని కోరింది. ఇప్పటికీ సంస్థ పత్రాల్లో ఆ దేశాన్ని 'ఒక సభ్య దేశం' అనే రాస్తారు. మా ఫ్యాక్టరీ కాగితాల గోప్యత మీద నాకు నమ్మకం కుదరడానికి ఈ చిన్న విషయం కూడా ఒక కారణం.

దీన్ని దీనికి ముందున్న చట్టాలతో పోలిస్తే తేడా తెలుస్తుంది. 1925 నాటి జెనీవా ప్రోటోకాల్ విషవాయువుల వాడకాన్ని నిషేధించింది గానీ తయారీని, నిల్వను నిషేధించలేదు, చూసేవారిని ఎవరినీ పెట్టలేదు. దానిపై సంతకాలు ఉండగానే దేశాలు టన్నులకొద్దీ పోగేసుకున్నాయి. 1972 నాటి జీవాయుధాల ఒడంబడిక తయారీని కూడా నిషేధించింది కానీ తనిఖీ వ్యవస్థను ఇప్పటికీ ఏర్పరచుకోలేకపోయింది. టీకాలకు ప్రపంచంలోనే పేరున్న హైదరాబాద్ లాంటి నగరంలో ఉంటూ ఈ లోటును పట్టించుకోకపోవడం మనకు తగదని నా అభిప్రాయం. అణ్వాయుధాల విషయంలో 1996 జులై 8న అంతర్జాతీయ న్యాయస్థానం, నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరిపి వాటిని ఒక కొలిక్కి తేవలసిన బాధ్యత దేశాలపై ఉందని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ మాట కాగితంపై ఎంత బరువైనదైనా, ఏ ఆయుధాగారం తలుపు కొట్టి లోపలికి వెళ్లే అధికారాన్నీ ఎవరికీ ఇవ్వలేదు.

ఇక లోపాలు. మొదటిది, అన్నిటికంటే పెద్దది, సవాలు తనిఖీ. ఒక సభ్య దేశం మరొక సభ్య దేశంలో ఏ చోటనైనా, ప్రకటించని చోటనైనా సరే, అనుమానముంటే తనిఖీ కోరవచ్చు. ఇన్‌స్పెక్టర్లు ఆ దేశపు సరిహద్దుకు చేరడానికి కనీసం 12 గంటల ముందు చెబితే చాలు. తనిఖీని అడ్డుకోవాలంటే 41 దేశాల కార్యనిర్వాహక మండలిలో ముప్పావు వంతు మంది వ్యతిరేకంగా ఓటు వేయాలి. ఆయుధ నియంత్రణ చట్టాల్లో ఇంతటి పదునైన నిబంధన అరుదు. కానీ 1997 నుంచి ఇప్పటివరకు ఒక్క దేశం కూడా దీన్ని వాడలేదు. వాడితే ఏమీ దొరక్కపోవచ్చునని, దొరక్కపోతే పరువు పోతుందని, రేపు తమ తలుపు కూడా తట్టవచ్చునని దేశాలు వెనకాడుతున్నాయి. ఫ్యాక్టరీలో అగ్నిమాపక పంపును నెలకొకసారి నడిపి చూస్తాము, అవసరమైన రోజున తిరుగుతుందో లేదో తెలియాలి కాబట్టి. ఈ పంపును ఇన్నేళ్లలో ఒక్కసారీ నడిపి చూడలేదు.

రెండవది, తలుపు మూసుకున్నవారితో వ్యవహారం. ఉత్తర కొరియా, ఈజిప్టు, దక్షిణ సూడాన్ ఒడంబడికలో లేవు, ఇజ్రాయెల్ సంతకం చేసి ధ్రువీకరించలేదు. సిరియా 2013లో, డమాస్కస్ శివారులోని గౌటాలో విషవాయువుతో జరిగిన మారణకాండ తర్వాత, ఒత్తిడికి తలొగ్గి చేరింది. రసాయనాయుధాల నిర్మూలనకు అప్పటివరకు చేసిన కృషికి సంస్థకు ఆ ఏడాదే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సుమారు 1,300 టన్నుల రసాయనాలను యుద్ధం మధ్యలోంచి బయటికి తరలించడం 2014లో జరిగింది. కానీ సిరియా ప్రకటనలో అన్నీ చెప్పలేదు. 2017 మార్చిలో లతామ్నె పట్టణంపై జరిగిన దాడులకు సిరియా వైమానిక దళమే కారణమని సంస్థ దర్యాప్తు బృందం 2020లో నిర్ధారించింది. 2021 ఏప్రిల్‌లో సభ్య దేశాలు సిరియా ఓటు హక్కును నిలిపివేశాయి. చట్టం చేయగలిగింది అంతే. దోషిని పేరుపెట్టి చెప్పడం చిన్న విషయం కాదని నేను ఒప్పుకుంటాను, కానీ ఊపిరాడక చనిపోయిన పిల్లల తల్లిదండ్రులకు ఓటు హక్కు నిలిపివేత ఏపాటి న్యాయమన్నది నన్ను వదలని ప్రశ్న.

మూడవది సాంకేతికమైనది. 200 టన్నుల హద్దు సైన్యాలను దృష్టిలో పెట్టుకొని గీసినది. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ వదిలిన ఓమ్ షిన్రిక్యో ముఠా వాడినది టన్నుల లెక్కలోది కాదు. చిన్న పరిమాణంలో ఎన్నో రకాల సరుకులు మార్చి మార్చి చేసే బహుళ ప్రయోజన ప్లాంట్లు ఇప్పుడు మన దగ్గర వీధికొకటి ఉన్నాయి, అవి చాలావరకు ఈ వలకు చిక్కనంత చిన్నవి. దీనికి తోడు, సంస్థ ఉద్యోగుల పదవీకాలం సాధారణంగా ఏడేళ్లకు మించకూడదనే నియమం ఉంది. కొత్తవారికి అవకాశమివ్వడం మంచిదే. కానీ ప్లాంటు చూసి మనసులో మెటీరియల్ బ్యాలెన్స్, అంటే లోపలికి వెళ్లిన ముడిసరుకుకూ బయటికి వచ్చిన సరుకుకూ లెక్క, వేసుకోగల నేర్పు ఏడేళ్లలో వచ్చి, ఎనిమిదో ఏట బయటికి పోతుంటే అది సంస్థకు నష్టమే. పరిశ్రమలో అనుభవమున్నవారిని మళ్లీ తీసుకునే దారిని ఇంకా వెడల్పు చేయాలి.

మన వైపు లోపం కూడా చెప్పకపోతే సమీక్ష న్యాయంగా ఉండదు. రసాయనాయుధాల ఒడంబడిక చట్టం మన పార్లమెంటు చేసింది 2000లో. పెద్ద కంపెనీలకు, పరిశ్రమ సంఘాలకు దీనిపై మంచి పట్టు ఉంది. భారత రసాయన మండలికి 2024లో ఓపీసీడబ్ల్యూ హేగ్ పురస్కారం వచ్చింది కూడా. కానీ చిన్న యూనిట్ల యజమానులు చాలామంది ప్రకటన మాట వినగానే దాన్ని మరో లైసెన్సు తంటాగా భావిస్తారు. నాకు తెలిసిన ఒక యూనిట్‌లో ఏళ్ల తరబడి ప్రకటన ఇవ్వలేదు. ఏ దురుద్దేశమూ లేదు, భాస్వరం ఉన్న తమ ఇంటర్మీడియట్ 30 టన్నులు దాటిందని లెక్కగట్టినవాడు లేడంతే. ఎగుమతి చేయబోయినప్పుడు, ప్రభుత్వ అనుమతి లేకుండా పంపకూడని సరుకుల జాబితా అయిన స్కోమెట్ దగ్గర సరుకు ఆగిపోయాకగానీ విషయం తెలియలేదు.

కాబట్టి కొత్తగా ఈ పరిధిలోకి వచ్చే యూనిట్ల వారికి నా సూచన ఇది. గడిచిన ఏడాది ప్రకటన దేశం తరఫున హేగ్‌కు మార్చి ముగిసేలోగా చేరాలి, అంటే మీ లెక్క అంతకంటే చాలా ముందే ఢిల్లీకి వెళ్లాలి. జనవరి మొదటి వారంలోనే స్టోర్స్, ప్రొడక్షన్, క్యూసీ వారిని ఒకచోట కూర్చోబెట్టి, భాస్వరం, గంధకం లేదా ఫ్లోరిన్ ఉన్న ప్రతి సరుకునూ ప్లాంటు వారీగా కూడండి. పాత మ్యాపులో లేని కొత్త షెడ్డు ఏదైనా కట్టి ఉంటే మ్యాపును మార్చండి. తనిఖీ వచ్చిన రోజున ప్లాంటు గురించి మాట్లాడటానికి మేనేజరు ఒక్కరే సరిపోరు, రియాక్టర్ దగ్గర రోజూ నిలబడే ఆపరేటరు కూడా ఉండాలి, తెలుగులో చెప్పినా అనువదించేవారు ఉంటారు. మా ఆపరేటరు ఒకాయన, ఇరవై ఏళ్లుగా అదే వాల్వు తిప్పినవాడు, వారు అడిగిన ప్రతి పైపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చేత్తో చూపిస్తూ చెప్పాడు. వారు దాన్ని రాసుకున్నారు. మరునాడు సంతకాలైన పత్రం చదివితే, ఆ లైను గురించి ఆయన చెప్పినది చెప్పినట్టే అందులో ఉంది.